తోకచుక్కకు ముహూర్తం పెట్టినవాడు

తోకచుక్క పొడిస్తే రాజుకు చేటు అని మన ఊళ్ళలో పెద్దవాళ్ళంటారు. ఈ నమ్మకం మన ఒక్కరిదే కాదు, ఇంగ్లండులోనూ ఉండేది. 1066లో ఆకాశాన ఒక తోకచుక్క కనిపించింది. ఆ ఏడే హెరాల్డ్ రాజు హేస్టింగ్స్ యుద్ధంలో చచ్చిపోయాడు. ఆ సంగతినంతా, చుక్కతో సహా, పొడవాటి గుడ్డమీద బొమ్మలుగా కుట్టిపెట్టారు. ఆ గుడ్డ ఈనాటికీ ఉంది. మళ్ళీ 1910లో అదే చుక్క వచ్చింది. ఆ మే నెల 6వ తేదీన మన దేశానికి కూడా చక్రవర్తి అయిన ఏడవ ఎడ్వర్డు పోయాడు. నమ్మేవాళ్ళకు ఇంకేం సాక్ష్యం కావాలి! అయితే హెరాల్డును చంపి గద్దె ఎక్కిన విలియం కూడా రాజే కదా. ఒకే చుక్క ఒకడికి చేటు, ఇంకొకడికి పట్టాభిషేకం ఎలా అయిందో మాత్రం ఎవరూ చెప్పరు.

1066లో వచ్చిందీ 1910లో వచ్చిందీ ఒకటే అని ఇవాళ మనం ధైర్యంగా అనగలుగుతున్నామంటే దానికి మూలం ఎడ్మండ్ హేలీ. తోకచుక్క ఎవరికోసం వచ్చింది అని లోకమంతా అడుగుతున్న రోజుల్లో, మళ్ళీ ఎప్పుడొస్తుంది అని అడిగినవాడు ఆయన. పేరు వినని సైన్సు విద్యార్థి ఉండడు గానీ మనిషి జీవితం తెలిసినవాళ్ళు మనలో తక్కువ. అందుచేత ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

హేలీ 1656లో లండన్ పొలిమేరలోని హాగర్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి సబ్బుల వ్యాపారి, కలిగినవాడు. కొడుకు ఏది అడిగితే అది కొనిపెట్టేవాడు. 1673లో కుర్రవాడు ఆక్స్‌ఫర్డులో క్వీన్స్ కాలేజీకి చదువుకు వెళ్ళినప్పుడు వెంట 24 అడుగుల టెలిస్కోపు తీసుకెళ్ళాడు. మనం హాస్టలుకు ట్రంకుపెట్టె, ఆవకాయ జాడీ పట్టుకుని వెళ్ళినట్టన్నమాట! మూడేళ్ళు గడిచాయి. 1676లో, ఇరవయ్యో ఏట, డిగ్రీ చేతికి రాకుండానే కాలేజీ వదిలి ఓడ ఎక్కేశాడు. ఇప్పుడు నా వయసు కూడా ఇరవయ్యే. నేను గనక ఫైనలియరు మధ్యలో మానేసి చుక్కలు లెక్కపెట్టడానికి సముద్రం దాటి పోతానంటే మా ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించుకోగలను. హేలీ తండ్రి మాత్రం ఏడాదికి 300 పౌన్ల చొప్పున ఖర్చులకిచ్చాడు. రెండవ చార్లెస్ రాజు ఈస్టిండియా కంపెనీకి సిఫారసు చేశాడు. కంపెనీ ఓడలో సెయింట్ హెలెనా ద్వీపానికి ప్రయాణం.

ఎందుకంత దూరమంటే, దక్షిణపు ఆకాశంలోని చుక్కలు ఇంగ్లండునుంచి కనిపించవు. వాటి స్థానాలను టెలిస్కోపుతో కొలిచి పట్టిక వేసినవాళ్ళు అప్పటికి లేరు. ద్వీపం చేరాక చూస్తే అక్కడ ఎప్పుడూ మబ్బే. దొరికిన రాత్రిని దొరికినట్టు వాడుకుని ఏడాదిలో 341 నక్షత్రాల స్థానాలు నమోదు చేశాడు. 1677లో బుధుడు సూర్యబింబం మీదుగా నడిచిపోవడం కూడా అక్కడే చూశాడు. తిరిగొచ్చాక రాజుగారి ఉత్తరువు మీద ఆక్స్‌ఫర్డువారు పరీక్ష లేకుండానే ఎం.ఏ. ఇచ్చారు. ఇరవై రెండేళ్ళకే రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

నాకు హేలీ మీద గౌరవం కలిగింది తోకచుక్క వల్ల కాదు, గాలి వల్ల. 1686లో ఆయన భూమధ్యరేఖకు అటూ ఇటూ సముద్రాల మీద వీచే గాలులకు ఒక పటం వేశాడు. అందులో మన హిందూ మహాసముద్రం ఉంది, ఆరునెలలకొకసారి దిక్కు మార్చుకునే రుతుపవనాలు ఉన్నాయి. ఎండకు వేడెక్కిన గాలి పైకి లేస్తే ఆ చోటికి చుట్టుపక్కల గాలి వచ్చి చేరుతుందని కారణం చెప్పడానికి ప్రయత్నించాడు. భూభ్రమణం పాత్రను సరిగా పట్టుకోలేదు గానీ దారి మాత్రం అదే. మరో ఏడాదికి ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, ఎంత ఆవిరవుతున్నదో తూచి, ఆ లెక్కన మధ్యధరా సముద్రం నుంచి రోజుకెంత నీరు ఆకాశానికి లేస్తుందో అంచనా కట్టాడు. నదుల్లో పారే నీరు తిరిగి తిరిగి వచ్చే ఆ నీరేనని చూపించాలని ఆయన ఉద్దేశం. తొలకరి కోసం మబ్బువంక చూసే ఇంట్లో పుట్టినవాణ్ణి గనక, మూడు వందల ఏళ్ళ కిందట ఎవరో ఒక దొర పళ్ళెంలో నీళ్ళు తూచుకుంటూ కూర్చున్నాడంటే నాకు సొంత మనిషిలా అనిపిస్తాడు.

ఇక చుక్క దగ్గరకు వద్దాం. 1680 చివర ఒక పెద్ద తోకచుక్క వచ్చింది. హేలీ అప్పుడు ఫ్రాన్సు ప్రయాణంలో ఉన్నాడు. దారిలో చూశాడు, పారిస్ చేరాక అక్కడి ఖగోళశాస్త్రవేత్త కాసినీతో కలిసి చూశాడు. దాని దారి ఎలాంటిదో లెక్క కట్టాలని కూర్చుంటే ఎంతకీ తెగలేదు. 1682లో ఆయనకు పెళ్ళయింది. ఆ ఏడే ఇంకో తోకచుక్క వచ్చింది. ముందుదానంత పెద్దదేం కాదు. లండన్ దగ్గర ఇస్లింగ్టన్‌లోని తన ఇంటినుంచి దాని స్థానాలు రాసిపెట్టుకున్నాడు. తన పేరు శాశ్వతంగా మోయబోయే చుక్క అదేనని ఆయనకప్పుడు తెలియదు.

గ్రహాలను సూర్యుడు లాగే బలం దూరపు వర్గానికి విలోమంగా తగ్గితే కక్ష్య ఏ ఆకారంలో ఉంటుంది? ఈ ప్రశ్న మీద 1684 జనవరిలో హేలీ, రెన్, హుక్ ముగ్గురూ వాదులాడుకున్నారు. రుజువు చేసినవారికి 40 షిల్లింగుల పుస్తకం బహుమానమన్నాడు రెన్. ఎవరూ గెలవలేదు. ఆ వసంతంలోనే హేలీ తండ్రి ఇంటినుంచి వెళ్ళినవాడు వెళ్ళినట్టే కనబడకుండా పోయి కొన్ని వారాలకు శవమై దొరికాడు. ఆస్తి వ్యవహారాలన్నీ నెత్తిన పడ్డాయి. ఆ గొడవల మధ్యనే ఆగస్టులో కేంబ్రిడ్జి వెళ్ళి న్యూటన్‌ను అదే ప్రశ్న అడిగాడు. దీర్ఘవృత్తమని న్యూటన్ ఆలోచించకుండానే జవాబిచ్చాడట. లెక్క ఎప్పుడో చేశాడు, కాగితం మాత్రం కనబడలేదు. హేలీ వదలకుండా వెంటపడ్డాడు. ఆ వెంటపడటం ఫలితమే 1687లో వచ్చిన ప్రిన్సిపియా. అచ్చు ఖర్చు హేలీ జేబులోదే, ప్రూఫులు దిద్దిందీ ఆయనే. రాయల్ సొసైటీ అంతకుముందే చేపలమీద ఒక పెద్ద గ్రంథం వేసి ఖజానా ఖాళీ చేసుకుంది. సొసైటీ గుమాస్తాగా హేలీకి రావలసిన జీతం బదులు అమ్ముడుపోని ఆ చేపల పుస్తకాలే 50 కాపీలు ఇచ్చారు. మన యూనియన్ సావనీరు మిగిలిపోయిన సంవత్సరం గుర్తొస్తోంది కదూ!

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2025లో 3ఐ అట్లాస్ అనే తోకచుక్క సౌరకుటుంబం వెలుపలినుంచి వచ్చింది. డిసెంబరు 19న భూమికి బాగా దగ్గరగా వస్తుందని వార్త. దాన్ని పట్టుకుని సెల్‌ఫోన్లలో వీడియోలు వరదలా వచ్చిపడ్డాయి. గుద్దేస్తుందన్నారు, గ్రహాంతరవాసుల ఓడ అన్నారు. వరికోతల రోజులు. తోకచుక్క గుద్దితే సొసైటీ అప్పులన్నీ ఒక్క దెబ్బకు మాఫీ అని కళ్ళంలో నవ్వుకున్నారు కొందరు. కానీ ఒకాయన నిజంగానే బోరు వేయించడానికి పిలిచిన బండిని వెనక్కి పంపేశాడు. అది దాటిపోయాక చూద్దామన్నాడు. చదువుకుంటున్నవాణ్ణని మా నాన్న నన్నడిగాడు. నేను కాగితం తీసి లెక్క చూపించాను. దగ్గరకు వచ్చినప్పుడు కూడా అది మనకు సుమారు 27 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. సూర్యుడే 15 కోట్ల కిలోమీటర్లు. అంటే సూర్యుడికన్నా ఎక్కువ దూరంలోంచి దాటిపోతుందన్నమాట. నాన్న అంతా విని ఇంకో ప్రశ్న వేశాడు. ఇది గుద్దదు సరే, ఏదీ ఎన్నడూ గుద్దదని ఎవరు చెప్పారు అని.

సరిగ్గా ఈ ప్రశ్నే హేలీకీ వచ్చింది. మూఢనమ్మకాలను పోగొట్టినవాడు గనక తోకచుక్కలవల్ల ఏ భయమూ లేదని ఆయన చెప్పి ఉంటాడని మనం అనుకుంటాం. అలా చెప్పలేదు. 1694 డిసెంబరులో రాయల్ సొసైటీలో ఒక ప్రసంగం చదివాడు. బైబిల్లో చెప్పిన జలప్రళయానికి కారణం ఒక తోకచుక్క భూమిని ఢీకొనడం కావచ్చునని అందులో ఊహించాడు. ఆ దెబ్బకు భూమి ఇరుసు జరిగి, సముద్రం కుండలో నీళ్ళలా తొణికి నేలమీదకు పొర్లి ఉంటుందనీ, కాస్పియన్ సముద్రం వంటి పెద్ద పల్లాలు ఆ దెబ్బ తాలూకు గుర్తులు కావచ్చుననీ అన్నాడు. అమెరికా ఉత్తరాన హడ్సన్ అఖాతం దగ్గర అంత చలి ఎందుకంటే ఒకప్పుడు ధ్రువం అటు ఉండేదేమో అన్నాడు. ఒక వారం తరువాత ఇంకొక మాట చేర్చాడు. ఈ దెబ్బ నోవా కాలంలోది కాక, మనిషికి ముందున్న వేరే లోకానికి తగిలిందేమో అని.

చర్చి బలంగా ఉన్న రోజులవి. లోకం అనాదిగా ఉందని నమ్ముతాడన్న అనుమానంతోనే 1691లో ఆక్స్‌ఫర్డులో ఖగోళశాస్త్ర ఆచార్య పదవి ఆయనకు దక్కకుండా పోయిందంటారు. అందువల్ల ఆ ప్రసంగాన్ని అచ్చుకివ్వక దాచిపెట్టాడు. 1724 సంచికలో గాని అది వెలుగు చూడలేదు. ముప్ఫై ఏళ్ళు! ఇదే ఊహను 1696లో విస్టన్ అనే ఆయన పుస్తకంగా వేశాడు. తోకచుక్క తోకలోని నీరే భూమిమీద వానగా కురిసి ప్రళయం వచ్చిందని ఆయన సిద్ధాంతం. పుస్తకం బాగా చదివారు జనం.

హేలీ కూడా ఊహించాడు, విస్టనూ ఊహించాడు. ఇద్దరికీ తేడా తరవాత చేసిన పనిలో ఉంది. హేలీ ఊహను పక్కన పెట్టి లెక్కలోకి దిగాడు. 1695 మొదలు పాత రికార్డులన్నీ తిరగేసి, 1337 నుంచి 1698 దాకా వచ్చిన 24 తోకచుక్కలకు న్యూటన్ పద్ధతిలో కక్ష్యలు కట్టాడు. కాలిక్యులేటరు లేదు, లాగరిథం పట్టికలే దిక్కు. 24 వరుసలూ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు వరుసలు ఒకదానికొకటి నకలు తీసినట్టున్నాయి. 1531లో ఏపియన్ చూసినది, 1607లో కెప్లర్ చూసినది, 1682లో తాను చూసినది. మూడూ గ్రహాలకు ఎదురుదిక్కున తిరుగుతున్నాయి. మూడు కక్ష్యలూ భూకక్ష్యకు సుమారు 18 డిగ్రీల వాలులో ఉన్నాయి. సూర్యుణ్ణి దాదాపు ఒకే దూరంలో చుట్టి వెళ్ళాయి. మూడు చుక్కలు కావు, ఒకటే మూడుసార్లు వచ్చింది!

ఒక్క చిక్కు మిగిలింది. మొదటి రెండు రాకలకూ మధ్య 76 ఏళ్ళకు పైన, తరవాతి రెంటికీ మధ్య 75 ఏళ్ళకు లోపు. ఏడాదికి పైగా తేడా. గడియారంలా తిరగవలసిన వస్తువు ఇలా ఎందుకు తప్పుతుంది? గురుగ్రహం దగ్గరగా వెళ్ళినప్పుడు దాని లాగుడుకు వేగం మారిందని హేలీ జవాబు. 1705లో ఇవన్నీ చిన్న పుస్తకంగా అచ్చువేసి, 1758లో ఈ చుక్క మళ్ళీ వస్తుందని రాశాడు. అప్పటికి ఆయనకు 48 ఏళ్ళు. 1758కి తాను బతికుండే అవకాశం లేదని తెలుసు. తాటిటెంక పాతేవాడికి ముంజెలు తినే ఆశ ఉంటుందా? ఆ చుక్క వచ్చిననాడు దాన్ని ముందు చెప్పినవాడు ఒక ఇంగ్లీషువాడని లోకం ఒప్పుకోవాలని మాత్రం కోరుకున్నాడు.

అదే పుస్తకంలో 1680 నాటి తోకచుక్క గురించి కూడా ఉంది. అది భూమి తిరిగే దారికి అతి సమీపంగా వెళ్ళిందని లెక్కలో తేలింది. భూమి ఆ చోట లేదు గనక సరిపోయింది. అలాంటి రెండు గోళాలు తాకితే ఏమవుతుందో భౌతికశాస్త్రం చదివేవాళ్ళు ఆలోచించుకోవాలన్నాడు, అది అసాధ్యం కాదనీ అన్నాడు. భయపడమనలేదు, భయం లేదనీ అనలేదు.

మిగతా జీవితం రాయాలంటే ఈ సావనీరంతా కావాలి. సముద్రం అడుగుకు దిగే గంట తయారుచేసి తనే దిగి చూశాడు. బ్రెస్లావ్ పట్టణపు చావుపుట్టుకల లెక్కలతో జీవితభీమాకు పునాది వేశాడు. పారమోర్ అనే చిన్న ఓడకు కెప్టెనై అట్లాంటిక్‌లో మంచుకొండల దాకా వెళ్ళి అయస్కాంతపు సూది ఎక్కడెంత పక్కకు జరుగుతుందో పటం వేశాడు. భూమి లోపల డొల్ల అని కూడా ఒకసారి వాదించాడు. అంత మనిషికీ అలాంటివి ఉంటాయి! 1715లో లండన్ మీద సంపూర్ణ సూర్యగ్రహణం రాబోతుంటే నీడ ఏ ఊళ్ళమీదుగా పోతుందో ముందే పటం అచ్చువేసి పంచాడు. చీకటి పడగానే రాజుకు అపశకునమని జనం బెదిరిపోకూడదని ఆయన ఉద్దేశం. సమయం సుమారు 4 నిమిషాల తేడాతో సరిపోయింది. 1720లో, అరవై దాటాక, గ్రీనిచ్ వేధశాలకు అధిపతి అయ్యాడు. చేరగానే 18 ఏళ్ళు పట్టే చంద్రుడి పరిశీలన మొదలెట్టాడు. ఆ వయసులో ఎవరైనా మొదలెడతారా? మొదలెట్టడమే కాదు, పూర్తిచేశాడు. 1742 జనవరిలో 85 ఏళ్ళ వయసులో పోయాడు.

1758 వచ్చింది. ఫ్రాన్సులో క్లేరో, లలాండ్, నికోల్ లెపోట్ అనే ఆమె కలిసి గురు, శని గ్రహాల లాగుడును కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఆరునెలలపాటు పొద్దున్నుంచి రాత్రిదాకా, ఒక్కోసారి అన్నం తింటూ కూడా లెక్కలే. గురుడు 518 రోజులు, శని 100 రోజులు ఆలస్యం చేస్తాయని తేలింది. 1759 ఏప్రిల్ నడుమ సూర్యుడి దగ్గరకు వస్తుంది, నెల అటూఇటూ కావచ్చు అన్నారు. పారిస్‌లో మెసియే అనే ఆయన పై అధికారి గీసిచ్చిన పటం చేతపట్టుకుని ఏడాదికి పైగా వెతుకుతున్నాడు. ఆ పటమే తప్పు. ఈలోగా 1758 డిసెంబరు 25 రాత్రి జర్మనీలో డ్రెస్డెన్ పక్క పల్లెలో యోహాన్ పాలిచ్ అనే రైతు తన టెలిస్కోపులో ఆ చుక్కను పట్టేశాడు. పొలం దున్నుకుంటూ సొంతంగా ఖగోళశాస్త్రం చదువుకున్నవాడు. మెసియేకు అది కనబడింది జనవరి 21న. ఈ భాగం మా నాన్నకు రెండుసార్లు చెప్పించుకున్నాడు. చుక్క 1759 మార్చి 13న సూర్యుణ్ణి చుట్టింది. లెక్కకు నెల తేడా, వాళ్ళు విడిచిన నెలలోనే.

తేదీ తెలిశాక భయం పోయిందా అంటే, పోలేదు, రూపు మార్చుకుంది. 1773లో ఇదే లలాండ్ భూమికి దగ్గరగా రాగల తోకచుక్కల మీద ఒక వ్యాసం రాస్తే, అది చదవకముందే ప్రళయం తేదీ పెట్టేశాడని పారిస్‌లో గగ్గోలు పుట్టింది. అసలు వ్యాసం అచ్చువేసి చూపించవలసి వచ్చింది. 1910లో హేలీ చుక్క తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉందని వర్ణపటంలో తేలింది. మే 18, 19 తేదీల్లో భూమి ఆ తోకలోంచి వెళ్తుందన్నారు. అమెరికాలో తోకచుక్క మాత్రలని అమ్మి డబ్బు చేసుకున్నారు. తోక ఎంత పల్చనిదంటే మన గాలికి ఏమీ కాలేదు. ఆ ఏడే మన గురజాడవారు ముత్యాల సరములులో ఈ చుక్కను భయపెట్టేదానిగా కాక బంధువుగా చూపించారు. విజయనగరంలో కూర్చుని అంత నిబ్బరంగా రాయడం నాకు గర్వంగా ఉంటుంది.

మా నాన్న ప్రశ్నకు జవాబు మాత్రం హేలీ పోయిన రెండు వందల ఏళ్ళ తరవాత గాని దొరకలేదు. 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట సుమారు 10 కిలోమీటర్ల రాయి ఒకటి మెక్సికోలోని యుకటాన్ దగ్గర పడింది. రాక్షసిబల్లులు దాంతోనే పోయాయని 1980 నుంచి సాక్ష్యాలు పోగయ్యాయి. కాస్పియన్ సంగతి తప్పు, మనిషికి ముందున్న లోకానికి దెబ్బ తగిలిందన్న ఊహ తప్పు కాదు. 1994 జులైలో షూమేకర్ లెవీ అనే తోకచుక్క ముక్కలై గురుడి మీద పడటం టెలిస్కోపుల్లో అందరూ చూశారు. ఆకాశంలో తిరిగే ప్రతి రాయికీ హేలీ లాగే వరుస రాసి, దారి కట్టి, తేదీ వేసే పని ఇప్పుడు రోజూ జరుగుతోంది.

హేలీ చుక్క 1986లో వచ్చినప్పుడు జియోటో అనే వ్యోమనౌక సుమారు 600 కిలోమీటర్ల దగ్గరకు వెళ్ళి ఫోటోలు తీసింది. 15 కిలోమీటర్ల పొడుగు, బొగ్గులాంటి నలుపు. 2023 డిసెంబరులో అది నెప్ట్యూన్‌కు అవతల తన దారిలో కొసకు చేరి ఇటు మళ్ళింది. 2061 జులైలో మళ్ళీ సూర్యుడి దగ్గరకు వస్తుంది. అప్పటిదాకా దాన్ని చూడలేం గానీ దాని దుమ్ము మాత్రం ఏటా మన మీద పడుతూనే ఉంటుంది. మేలో ఒకసారి, అక్టోబరు 21 ప్రాంతంలో ఒకసారి భూమి ఆ దుమ్ము దారిలోంచి వెళ్తుంది. ఒక్కొక్క రేణువు సెకనుకు 66 కిలోమీటర్ల వేగంతో వచ్చి గాలిలో భగ్గుమంటుంది. మొన్న అక్టోబరులో పందులకు కాపలాగా మంచె మీద పడుకున్నప్పుడు, రెండో జాము దాటాక తూర్పు ఆకాశంలో గొల్లకావడి పక్కనుంచి అలాంటివి పదకొండు లెక్కపెట్టాను. పన్నెండోది కనబడేలోపు మబ్బు కమ్మేసింది.